పాతికేళ్ళ సముద్రం, నాలుగున్నర లక్షలు

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మేష్టారిగా పనిచేసి కిందటేడాది రిటైరయ్యాను. విజయనగరంలో సొంతిల్లు ఉంది. అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి బెంగుళూరులో. ఇద్దరికీ బడికెళ్ళే పిల్లలున్నారు. నెల కిందట విశాఖలో ఒక షాపింగ్ మాల్లో మా ఆవిడ పేరూ ఫోన్ నంబరూ రాసి చీటీ డబ్బాలో వేసింది. లక్కీ డ్రాలో గెలిచారు, దంపతులిద్దరూ హోటలుకి రావాలని ఫోనొచ్చింది. వెళ్ళాం. మూడు గంటలు కూర్చోబెట్టి టైమ్‌షేర్ రిసార్ట్ గురించి చెప్పారు. 4,50,000 కడితే 25 ఏళ్ళపాటు ఏటా 7 రాత్రులు ఉండొచ్చట. ఏటా మెయింటెనెన్స్ 20,000. సొంత రిసార్టుగా అండమాన్, ఫుకెట్, గోవాల్లో ఒకటి ఎంచుకోమన్నారు. సముద్రం ఒడ్డున వెచ్చగా ఉండే దీవి అయితే మా ఆవిడ మోకాళ్ళకి కూడా మంచిదని నా ఆలోచన. ఆ రోజే 25,000 కార్డు మీద కట్టేశాను. మిగతాది పది రోజుల్లో కట్టాలి, లేదా ఈఎంఐ. అబ్బాయి తీసుకోమంటున్నాడు. మా ఆవిడ మాత్రం 'ఏటి, మనకి సముద్రం లేదా?' అంటోంది. మూడింట్లో ఏది ఎంచుకోమంటారు?

సమాధానం: మేష్టారూ, ఏ దీవి అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ పాతికవేల సంగతి. మీ ఉత్తరం చదివిన పూటే ఈ పేరా మీకు విడిగా పంపాను, మిగతావాళ్ళకి కూడా పనికొస్తుందని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. మీరు సంతకం పెట్టిన కాగితాలన్నీ బయటికి తీసి, రద్దు చేసుకునే గడువు ఎంతని రాశారో వెతకండి. మొదటి పేజీలో ఉండదు, వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. యూరప్‌లో ఇలాంటి ఒప్పందం వద్దనుకోడానికి 14 రోజులు చట్టమే ఇస్తుంది. అమెరికాలో హవాయి రాష్ట్రం 7 రోజులు, ఫ్లోరిడా 10 రోజులు ఇస్తాయి. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ విడిగా చట్టం లేదు, కాబట్టి కంపెనీ కాగితంలో రాసిన గడువే మీకు దిక్కు. అది దాటకముందే 'నాకు వద్దు, కట్టింది వెనక్కివ్వండి' అని మెయిల్ పెట్టండి, అదే మాట రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఈఎంఐ కోసం మీ ఖాతా నుంచి నెలనెలా డబ్బు లాగేసుకునే మాండేట్ మీద ఏమైనా సంతకం పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. పెట్టుంటే బ్యాంకుకి వెళ్ళి ఆపించండి. తర్వాత కొనాలనిపిస్తే మళ్ళీ కొనుక్కోవచ్చు, వాళ్ళేం పారిపోరు. ఈ రోజొక్కటే ఈ ధర అన్నారు కదా? పధ్నాలుగేళ్ళ కిందట నాకూ అదే మాట చెప్పారు. ఆ తర్వాత అదే కంపెనీ నుంచి అదే ధరకి ఏడాదిలో నాలుగుసార్లు ఫోనొచ్చింది.

అవును, నేనూ కొన్నాను. 2011లో, విశాఖలోనే, మీలాగే భార్యాభర్తలిద్దరం కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళి. ఇద్దరూ రావాలని ఎందుకంటారో తెలుసా? ఒక్కరే వెళ్తే 'ఇంట్లో అడిగి చెప్తాను' అని లేచొచ్చేస్తారు కాబట్టి. హాల్లో ఎవరో సంతకం పెట్టినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చేసరికి కుర్రాడు వెళ్ళి మేనేజర్ని తీసుకొచ్చాడు, ఆయన నా మొహం చూసి యాభై వేలు తగ్గించాడు. నా మొహానికి అంత విలువుందని ఆ రోజే తెలిసింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇన్నేళ్ళలో ఆరుసార్లు వెళ్ళాం. అందులో సముద్రం ఒడ్డున గది దొరికింది ఒక్కసారి. డిసెంబరులో బీచ్ అడిగితే 'వెయిటింగ్' అనేవారు, జులైలో కొండమీద గది మాత్రం ఎప్పుడడిగినా ఖాళీయే. వాన, పొగమంచు, కిటికీలోంచి కనబడని కొండ. వెళ్ళని ఏడాది కూడా మెయింటెనెన్స్ కట్టాల్సిందే. ఒక ఏడాది మానేశాను, బాకీ తీరేదాకా బుకింగే ఆపేశారు. ఆ ఒక్కసారి మాత్రం, అబద్ధమెందుకు, చాలా బాగుంది. పిల్లలు ఇప్పటికీ ఆ వారమే చెప్పుకుంటారు.

అసలు మీరు కొంటున్నదేమిటో మన భాషలో చెప్తాను. ఇది స్థలం కాదు, ఇల్లు కాదు. పాతికేళ్ళ కౌలు మొత్తం ఒక్కసారే ముందుగా కట్టేసి, ఏటా నీటి తీరువా కూడా మనమే భరించడం లాంటిది. పైగా ఏ మడి దున్నుకోవాలో, ఎప్పుడు దున్నుకోవాలో చేనుగలవాడే చెప్తాడు. ఈ పద్ధతి 1960ల్లో ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల మీది మంచు విడిదుల్లో మొదలై అమెరికాకి పాకింది. అక్కడ పాతకాలపు ఒప్పందాల్లో ఫలానా గది, ఏడాదిలో ఫలానా నంబరు వారం నీదే అని రాసేవారు. మన దగ్గర అమ్మేవి ఎక్కువగా అలాంటివి కావు. ఏడాదిని రద్దీని బట్టి ముక్కలు చేసి వాటికి రంగులో పేర్లో పెడతారు. మీకిచ్చిన ముక్కలో గది ఖాళీ ఉంటే దొరుకుతుంది. 'సొంత రిసార్ట్' అన్నంతమాత్రాన అది మీ కోసం తలుపు తెరిచి కూర్చుంటుందని కాదు. ఇప్పుడు వారాల బదులు పాయింట్లు అమ్మేవాళ్ళూ ఉన్నారు. పాయింట్లయితే ఇంకా జాగ్రత్త, ఒక గదికి ఎన్ని పాయింట్లన్నది ముందుముందు వాళ్ళు పెంచుకోవచ్చా లేదా అన్నది ఒప్పందంలో చూడాలి.

ఫుకెట్ అన్నారు కదా. ఆ రిసార్ట్ ఆ కంపెనీదేనా, లేక మార్పిడి మీద ఇస్తారా అని అడగండి. మార్పిడి చేసే సంస్థలు వేరే ఉంటాయి. 1974లో అమెరికాలో మొదలైన ఆర్‌సీఐ అలాంటిదే. మీ వారాన్ని అక్కడ జమచేస్తే, ఇంకొకళ్ళు జమచేసిన వారం మీకు దొరుకుతుంది. దానికి సభ్యత్వ రుసుం వేరు, ప్రతి మార్పిడికీ రుసుం వేరు. వానాకాలంలో చిన్న గది జమచేసి, క్రిస్మస్‌కి సముద్రం ఎదురుగా రెండు పడగ్గదులు కావాలంటే ఎవరిస్తారు? మన సంతలో కూడా అలా జరగదు.

ఇక మీ సబ్జెక్టులోకొస్తాను. లెక్కల మేష్టారికి లెక్క చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే, అయినా ఆ హోటలు ఏసీలో మీరు ఈ లెక్క వేసుండరు. 4,50,000 పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెట్టారనుకోండి. 8.2 శాతం లెక్కన ఏడాదికి 36,900. మూడు నెలలకోసారి 9,225 మీ ఖాతాలో పడుతుంది. అసలు అలాగే ఉంటుంది. రిసార్టుకి కట్టేస్తే ఈ వడ్డీ పోయినట్టే కదా. దానిమీద ఏటా మెయింటెనెన్స్ 20,000. జీఎస్టీ 18 శాతం అందులో కలిసిందో లేదో అడిగారా? కలవకపోతే 23,600. రెండూ కలిపితే 60,500. ఏడు రాత్రులకి భాగిస్తే రాత్రికి 8,643 రూపాయలు. ఇందులో భోజనం లేదు, విమానం లేదు, పడవ లేదు. అసలు తిరిగి రాదు కాబట్టి నిజం లెక్క ఇంతకంటే ఎక్కువే. పైగా ఏ ఏడాది వెళ్ళకపోయినా ఆ ఏడాదికి ఇంతే ఖర్చు.

మెయింటెనెన్స్ ఏటా ఒకేలా ఉండదు. ఆ 23,600 ఏటికి 6 శాతం పెరిగిందనుకుంటే పన్నెండేళ్ళలో రెట్టింపవుతుంది. ఇరవై అయిదో ఏట 95,000 పైన ఉంటుంది. అప్పటికి మీకు 87 ఏళ్ళు. నూరేళ్ళూ ఆరోగ్యంగా ఉండండి మేష్టారూ, కానీ 87వ ఏట మెయింటెనెన్స్ బిల్లు చూడ్డానికి కాదు.

'హోటల్ రేట్లు కూడా పెరుగుతాయి కదా' అని మీ అబ్బాయి అంటాడు. అనాలి కూడా, ఆ కుర్రాళ్ళు చెప్పినవాటిలో నిజమున్న మాట అదొక్కటే. ముప్పై రెండేళ్ళ దంపతులు, ఇద్దరు పిల్లలు, ఏటా తప్పకుండా ఊరు దాటి వెళ్ళే అలవాటు, ఆరు నెలల ముందే సెలవు ఖాయం చేసుకోగల ఉద్యోగం ఉంటే, మంచి సీజన్, వంటగదితో పెద్ద యూనిట్ చూసుకుని కొంటే వాళ్ళకి గిట్టుబాటు కావచ్చు. అందుకని మీ అబ్బాయికి అంత ఇష్టంగా ఉంటే అతని పేరున, అతని డబ్బుతో కొనుక్కోమనండి. చూద్దాం, అప్పుడేమంటాడో.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. గోవాని పక్కన పెట్టేద్దాం. అది దీవి కాదు, పైగా విజయనగరం మీదుగా వాస్కో దాకా అమరావతి ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది, కావాలనుకున్న ఏడాది ఎక్కొచ్చు. దానికి పాతికేళ్ళ ఒప్పందం ఎందుకు? మిగిలింది అండమాన్, ఫుకెట్. విచిత్రమేమిటంటే రెండూ అండమాన్ సముద్రంలోవే, రెండింటికీ మంచి కాలం దాదాపు ఒకటే. నవంబరు ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే నుంచి నైరుతి గాలి తిరిగాక ఫుకెట్ పడమటి బీచ్‌లలో ఎర్రజెండాలు ఎగురుతాయి, నీళ్ళలోకి దిగనివ్వరు. అండమాన్‌కి నైరుతి రుతుపవనాలు మనకంటే ముందే, మామూలుగా మే మూడోవారం చుట్టూ చేరతాయి.

ఇక్కడే మీ ఇంటి క్యాలెండర్ తీసి పక్కన పెట్టుకోండి. మనవలు రావాలంటే బడి సెలవులుండాలి. సెలవులంటే సంక్రాంతి, దసరా, వేసవి. సంక్రాంతికి విజయనగరం వదిలి దీవికి వెళ్తారా? భోగి, పండగ, కనుమ, ముక్కనుమ అయ్యేదాకా ఊళ్ళోంచి కాలు బయట పెట్టేవాళ్ళని నేను చూడలేదు. సరే, దసరా. విజయదశమి వెళ్ళిన మంగళవారం మీ ఊళ్ళో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి పిల్లలు ఆ పండక్కి మీ ఇంటికి వస్తారుగాని మిమ్మల్ని దీవికి రమ్మనరు. పైగా ఆ రోజుల్లో అక్కడ వానలు, అక్టోబరు నవంబరుల్లో బంగాళాఖాతంలో తుపాన్లు. అది మన జిల్లాలకి ఎవరూ చెప్పక్కర్లేదు. మిగిలింది వేసవి. అందులో ఏప్రిల్ ఆఖరు, మే మొదటివారం మాత్రమే పనికొస్తాయి. అంటే మీరు పాతికేళ్ళకి కొంటున్నది ఏటా ఓ పదిహేను రోజుల కిటికీ. ఆ పదిహేను రోజులే దేశంలో బడిపిల్లలున్న ప్రతి ఇంటికీ కావాలి. గది దొరకదన్నది ఊహ కాదు, నా పధ్నాలుగేళ్ళ అనుభవం.

మీరిద్దరే వెళ్తే సంగతి వేరు. ముక్కనుమ అయ్యాక జనవరి మూడోవారంలో బయల్దేరితే అంత మంచి సమయం ఇంకోటి లేదు. కానీ రిటైరైన దంపతులకి, ఏ బడి సెలవూ అక్కర్లేనివాళ్ళకి, మామూలు హోటల్లో గది ఎప్పుడైనా దొరుకుతుంది. టైమ్‌షేర్ ఎందుకు?

అండమాన్ మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. పోర్ట్ బ్లెయిర్‌ని 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం చేశారు, విజయనగరం నుంచి విజయపురానికి, బాగుంది కదా. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, అందులో ఎక్కువమంది మన సిక్కోలు, అంటే శ్రీకాకుళం వైపు నుంచి చేపలవేటకీ కూలిపనికీ వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలే. బజార్లో మన యాస వినబడితే ఆశ్చర్యపోకండి. సెల్యులార్ జైలు చూడండి, మేష్టారికి అది తీర్థయాత్రే. 1896లో మొదలుపెట్టి 1906లో కట్టడం ముగించారు. ఇంకొకటి, అక్కడ గడియారం మనదే గాని సూర్యుడు మనవాడు కాడు. ఆ దీవులు మనకంటే దాదాపు తొమ్మిది డిగ్రీలు తూర్పున ఉన్నాయి, డిగ్రీకి నాలుగు నిమిషాలు, మిగతా లెక్క మీరే కట్టండి. శీతాకాలంలో సాయంత్రం అయిదింటికే పొద్దుగుంకుతుంది. మధ్యాహ్నం భోంచేసి ఓ కునుకు తీసి బీచ్‌కి వెళ్దామనుకుంటే చీకట్లో వెళ్ళాలి.

కానీ బ్రోచర్లో చూపించే తెల్ల ఇసుక శ్రీ విజయపురంలో లేదు. అది స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 దాకా హేవ్‌లాక్ అన్న దీవిలో, రాధానగర్ బీచ్‌లో ఉంది. అక్కడికి మళ్ళీ పడవ. ప్రైవేటు పడవలో గంటన్నర, రెండు గంటలు. విశాఖ నుంచి నేరుగా విమానం ఉన్న రోజులున్నాయి, లేని రోజులున్నాయి. లేనప్పుడు చెన్నై మీదుగానో కోల్‌కతా మీదుగానో వెళ్ళాలి. విమానం మధ్యాహ్నం దిగితే ఆ పూట పడవ అందదు, ఒక రాత్రి శ్రీ విజయపురంలో సొంత ఖర్చుతో పడుకోవాలి. వచ్చేటప్పుడు కూడా అంతే. గాలి ఎక్కువగా ఉంటే పడవలు ఆపేస్తారు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గాని రెండు రోజుల పైచిలుకు ప్రయాణం, మేడం గారి మోకాళ్ళతో ఆ మెట్లెక్కడం వద్దు.

మోకాళ్ళ మాటెత్తారు కాబట్టి, ఇసుకలో నడక మోకాళ్ళకి మంచిదని ఎవరు చెప్పారోగాని, మెత్తటి ఇసుకలో నాలుగడుగులు వేస్తే నాకే నొప్పెడుతుంది. వెళ్ళేముందు ఆవిడ డాక్టర్ని ఒక మాట అడగండి. అక్కడ పెద్దాసుపత్రి శ్రీ విజయపురంలోనే ఉంది, స్వరాజ్ ద్వీప్ నుంచి అక్కడికీ పడవే. ఆ లెక్కన చూస్తే ఫుకెట్ నయం. దీవే అయినా వంతెన ఉంది, సొంత అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది, పెద్ద ఆసుపత్రులున్నాయి, పడవ అక్కర్లేదు. అందుకని నిజాయితీగా చెప్పాలంటే, మనసుకి అండమాన్, మోకాళ్ళకి ఫుకెట్.

ఒకవేళ ఇంత చదివాక కూడా కొందామనే అనుకుంటే, సంతకానికి ముందు ఒక్క పరీక్ష పెట్టండి. ఆ అమ్మే కుర్రాణ్ణి అక్కడే బుకింగ్ యాప్ తెరవమనండి. 'బాబూ, వచ్చే ఏప్రిల్ ఆఖరి వారం, అండమాన్, నలుగురు పట్టే గది, ఏడు రాత్రులు, ఖాళీ చూపించు' అనండి. సిస్టం డౌన్ అంటాడు. లేదా 'మెంబరైతేనే కనబడుతుంది సార్' అంటాడు. అప్పుడు లేచి వచ్చేయండి. చూపిస్తే మాత్రం ఇంకో మాట అడగండి, ఆ రిసార్ట్ కంపెనీ సొంతమా, లీజుకి తీసుకున్నదా, లీజు ఎన్నేళ్ళుందని. మీ ఒప్పందం 25 ఏళ్ళు, వాళ్ళ లీజు ఆరేళ్ళు అయితే మిగతా పంతొమ్మిదేళ్ళు ఎక్కడుంటారు? సముద్రం కనబడే గది వేరు, సముద్రం ఒడ్డున ఉన్న గది వేరు. మధ్యలో రోడ్డు, గుట్ట, జీపు అన్నీ ఉండొచ్చు. నోటితో చెప్పిన ప్రతి మాటా కాగితం మీద రాయించుకోండి. 'ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు' అన్నారా? నేను ప్రయత్నించాను. కొనేవాడు దొరకలేదుగాని, 'మీ మెంబర్‌షిప్ మేం అమ్మిపెడతాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి' అన్నవాళ్ళు మాత్రం ముగ్గురు ఫోన్ చేశారు. అది ఇంకో రకం మోసం.

ఇప్పటికే కొనేసిన పాఠకులెవరైనా ఉంటే, మీ వారం వాడుకోలేని ఏడాది బంధువులకో స్నేహితులకో ఇవ్వొచ్చేమో మీ నిబంధనల్లో చూడండి. వృథాగా పోనివ్వకండి. మాస్టారిలాంటివాళ్ళు కూడా అలా ఎవరి వారమో తీసుకుని ఒకసారి రుచి చూడొచ్చు.

గడువులోపల రాసినా పాతికవేలు వెనక్కివ్వకపోతే 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్లో ఫిర్యాదు నమోదు చేయించండి. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఎక్కడున్నా సరే, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. లాయరు లేకపోయినా లెక్కల మేష్టారు ఆ కాగితాలు రాసుకోగలరు.

ఈలోగా సంక్రాంతి కానివ్వండి. తర్వాత మీరిద్దరూ అయిదు రాత్రులకి, రెండు శ్రీ విజయపురంలో, మూడు స్వరాజ్ ద్వీప్‌లో, లిఫ్ట్ ఉన్న హోటలో, లేకపోతే కింది అంతస్తులోనే గదో తీసుకోండి. పడవ టిక్కెట్లు విమానం టిక్కెట్లతోపాటే కొనేయండి. వెళ్ళేముందు ఓ సాయంత్రం మేడం గారిని కళింగపట్నం తీసుకెళ్ళండి, వంశధార సముద్రంలో కలిసేచోటికి. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడుంది. ఇసుకలో ఎంతదూరం నడవగలరో కూడా తెలిసిపోతుంది. ఇక ఆ కంపెనీవాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తారు, తప్పకుండా చేస్తారు. అప్పుడు మీరు మాట్లాడకండి. ఫోను మేడం గారికివ్వండి.